సమస్యాపూరణం: నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

విశాఖపట్నం సభ్యులకు ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం (మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి; ఇనుఁడంటే సూర్యుడు):

నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

అంశం: పాలపుంతలో మన గ్రహాల చోటు. ఐదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) న–న. రెండు 'నడుమ'లు దేనికి దేనికో అన్వయంలో తేలాలి. చిక్కంతా అక్కడే.

గాజువాక నుంచి:
గ్రహములెల్లఁ దిరుగఁ గాంతుల నిడువాఁడు
తనదు గూటిలోనఁ దానె రాజు
పాలపుంత యనెడు పట్టణ మందునన్
నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

— ఛందస్సులో లోపం లేదు. అన్వయమే తప్పింది. 'పట్టణ మందునన్ నడుమ నున్న' అని కలిసిపోయి సూర్యుడు పాలపుంత నడుమే ఉన్నట్టయింది, విరోధం విడలేదు. మూడో పాదం ఇలా మార్చండి: 'పాలపుంతఁ జూడఁ బరివారమునకెల్ల'. 'గూడు' మాట మాత్రం చక్కగా పడింది, పాలపుంత ముందు మన గ్రహాల చోటు గూడంతే. సూర్యుడి వెలుగు నెప్ట్యూన్‌ను చేరడానికి నాలుగు గంటలు, పక్క నక్షత్రాన్ని చేరడానికి నాలుగేళ్ల పైమాట.

సీతమ్మధార నుంచి:
మూల దిక్కునున్న ముఖ్య కేంద్రమునకు
ఇరువదాఱు వేల కాంతి యేండ్ల
దవ్వునందు నుండెఁ దన కుటుంబమ్మునన్
నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

— అన్వయం నిర్దుష్టం. రెండో పాదంలో ఇ–కా యతి చెల్లదు. మాటలు తారుమారు చేస్తే చాలు: 'ఇరువదాఱు వేల యేండ్ల కాంతి'. గణాలు చెదరవు, ఇ–యే యతి కుదురుతుంది. మూలా నక్షత్రం ప్రస్తావన కూడా సరైనదే. కేంద్రం ధనూరాశిలో, వృశ్చికం తోక దాపున ఉంది. అక్కడి కృష్ణబిలం బరువు సుమారు 40 లక్షల సూర్యులంత.

మధురవాడ నుంచి:
పాలపుంత తలము పఱచిన పళ్లెమ్ము
గ్రహపు దారులన్ని కలియు నందె
పళ్లెరంపుటంచు పట్టునఁ జరియించు
నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

— అమ్మా, ధార బాగుంది, ఖగోళమే రెండుచోట్ల తప్పింది. గ్రహాల కక్ష్యాతలం పాలపుంత తలంలో కలవదు, దానికి దాదాపు 60 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. ఇక మనం అంచున లేము. పళ్లెం వ్యాసార్థం 50 వేల కాంతి సంవత్సరాలనుకుంటే సుమారు సగం దూరంలో, ధనుస్సు, పెర్సియస్ అనే సర్పిల భుజాల మధ్యనున్న ఓరియన్ పాయలో ఉన్నాం. పైగా మొదటి 'నడుమ'కు ఆధారమే లేదు. రెండో పాదం చివర 'కలియ వందు' అనండి. మూడోది ఇలా:
అరువదంశ లొరగి యాడు మండలమున

— ధన్యవాదాలు గురువుగారూ! సవరించుకున్నాను. ఒక్క అక్షరంతో అర్థం తిరగబడింది.

భీమిలి నుంచి (వేరే దారిలో):
దీర్ఘవృత్తమందుఁ దిరిగెడు ధరణికి
నాభి లోన నిలిచె నడుమఁ గాక
జనుల తలఁపులోన జగమున కెప్పుడు
నడుమ నున్న యినుఁడు నడుమ లేఁడు

— ఈ వారం నాకు అన్నిటికన్నా నచ్చిన ఊహ ఇదే. పాలపుంత దాకా పోకుండా ఇంట్లోనే విరోధం విడగొట్టారు. ఇక్కడ నాభి అంటే దీర్ఘవృత్తం కేంద్రం కాదు, దానికి పక్కగా ఉండే బిందువు. జనవరి మొదట్లో భూమికి సూర్యుడు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. అంటే కక్ష్య నడిమికి సూర్యుడు సుమారు 25 లక్షల కిలోమీటర్లు పక్కన ఉన్నట్టు. కానీ 'నడుమఁ గాక' అని రెండో పాదంలోనే గుట్టు విప్పేశారు, సమస్యకు పని లేకుండా పోయింది. 'నిలిచె నాథుఁ డగుచు' అంటే గుట్టు దాగుతుంది.

— గురువుగారూ, ఆ మూల దిక్కును మన ఊరి నుంచి చూడవచ్చా?

— చూడవచ్చు. దక్షిణాన 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. జూన్ మూడో వారంలో అర్ధరాత్రి నడినెత్తి గీతను (నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీతను) దాటుతుంది గానీ అప్పటికి మబ్బులు. ఏప్రిల్ నడుమ తెల్లవారుజామున నాలుగింటికి, చంద్రుడు లేని రోజు చూడండి. భీమిలి నుంచైతే ఊరి వెలుగు నైరుతిలో అడ్డు వస్తుంది.