మడ అడవి పెంచడానికి గ్రాంటు మా సంఘానికే నేరుగా ఇస్తారా?

ఉప్పుటేరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కాకినాడ జిల్లాలో కోరంగి అభయారణ్యం పక్కన ఒక మత్స్యకార గ్రామం. మా ఆడవాళ్ల సంఘానికి నేను కార్యదర్శిని. పీతలు పట్టి అమ్మడం, ఎండు చేపల వ్యాపారం, పొదుపు, ఇదీ మా పని.

ఊరికి తూర్పున పాయ ఒడ్డున పాతిక ఎకరాల దాకా బీడు ఉంది. మా అత్తగారి చిన్నతనంలో అక్కడ మనిషి దూరలేనంత మడ ఉండేదట. వంటచెరుకు కోసం కొట్టగా కొట్టగా పోయింది. ఇప్పుడు వేసవిలో నేలంతా తెల్లగా ఉప్పు పేరి ఉంటుంది, కాలు పెడితే పైపొర పెంకులా విరుగుతుంది. వానాకాలం నీళ్లు నిలిచిపోయి వారాల తరబడి కదలవు. అంచుల్లో కొంచెం ఇలవర అనే ఉప్పునేల మొక్క ఉంది తప్ప మధ్యలో గడ్డిపరక లేదు. తుఫాను వచ్చినప్పుడు ఊళ్లోకి నీళ్లు వచ్చేది ఆ వైపు నుంచే. పీత పిల్ల కూడా మడ ఉన్న పాయల్లోనే కనబడుతోంది, ఈ బీడు వైపు లేదు. అందుకే అక్కడ మళ్లీ మడ పెంచాలని సంఘంలో అందరం అనుకున్నాం.

మడ అడవుల కోసం కేంద్రం 'మిష్టీ' అనే పథకం పెట్టిందని విన్నాం. ఈలోగా ఒకాయన కన్సల్టెంటునని వచ్చాడు. గ్రాంటు మీ సంఘం ఖాతాలోనే పడేట్టు చేస్తాను, ప్రాజెక్టు రిపోర్టు ఖర్చు ముందు కట్టండి అంటున్నాడు. పొదుపు డబ్బులోంచి ఇద్దామని సగం మంది, వద్దని సగం మంది. ఆ డబ్బు పోతే నేనే జవాబు చెప్పాలి, చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగా సంఘానికి నేరుగా ఇస్తారా? ఇవ్వకపోతే మేం ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాయఒడ్డు:

చెల్లెమ్మా, ముందు ఆయనకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మిగతాది నిదానంగా చదవండి.

నేను కృష్ణా, గోదావరి డెల్టాల్లో మడ అడవుల పనిలోనే చాలా ఏళ్లు ఉన్నాను. మిష్టీ అనేది ఒక సంఘం దరఖాస్తు పెట్టి తెచ్చుకునే గ్రాంటు కాదు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, ఆ జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు మొదలుపెట్టారు. తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి దాదాపు 540 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. దానికి డబ్బు ఎక్కడిదంటే ఉపాధి హామీ, కంపా, ఇంకా ఇతర నిధులు కలిపి వాడుకోమన్నారు. కంపా అంటే, అడవి భూమిని గనికో రోడ్డుకో తీసుకున్నవాళ్లు బదులుగా కట్టే పరిహారం. ఆ సొమ్ము అటవీ శాఖ చేతి మీదుగానే ఖర్చవుతుంది. శాఖ తన వార్షిక ప్రణాళికలో మీ బీడును రాసి పంపితే పని జరుగుతుంది, రాయకపోతే ఎంత చక్కటి ప్రాజెక్టు రిపోర్టు చేయించినా అది మీ బీరువాలోనే ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లాల్సింది కన్సల్టెంటు దగ్గరికి కాదు, అటవీ శాఖ వారి మీ రేంజ్ ఆఫీసుకు.

అక్కడికి వెళ్లేలోపు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి. చాలా ఊళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. సచివాలయంలో సర్వేయర్ గారిని అడిగి సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం) నకలు తీసుకోండి. అడంగల్‌లో ఏమని ఉందో చూడండి. అది అభయారణ్యం లోపల ఉంటే వన్యప్రాణి విభాగం అనుమతి లేకుండా అడుగు పెట్టడానికే లేదు, అక్కడ ఊరి తరఫున పనిచేసేది ఈడీసీ, అంటే పర్యావరణ అభివృద్ధి కమిటీ. బయట రిజర్వు ఫారెస్టు అయితే వన సంరక్షణ సమితి. పోరంబోకు అయితే రెవెన్యూ వాళ్లు, అటవీ శాఖ ఒక మాట మీదికి రావాలి, దానికి కలెక్టర్ గారి దాకా వెళ్లాల్సి రావచ్చు. ఎవరికైనా అసైన్ చేసిన భూమి అయితే వాళ్ల ఒప్పుదల లేకుండా ముందుకు వెళ్లొద్దు. తర్వాత మొక్కలు ఎదిగాక ఎవరో వచ్చి చెరువు తవ్వుకుంటామంటే మీ కష్టమంతా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసిన ఆ ఉప్పు పెంకు, కదలని నీళ్లు, ఇవి చదివాక నాకు ఆ బీడు కళ్లముందు కనబడింది. మడ కొట్టేశాక నేలకు నీడ పోతుంది. ఎండకు తేమ ఆరిపోయి నేల కుంగి పళ్లెంలా అవుతుంది. పోటు నీరు ఎక్కుతుంది కానీ పాటుకు, అంటే నీరు దిగే వేళకు, వెనక్కి పోదు. నిలిచిన నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. ఏటేటా ఉప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు. తెల్ల మడ చాలా ఉప్పును ఓర్చుకుంటుంది, కానీ అలాంటి చోట అదీ బతకదు. నేను చూసిన ఒక చోట ఇలాంటి నేలలోనే గుంతలు తీసి, మొక్కలు నాటి, బోర్డు పెట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. రెండో వేసవికి బోర్డు మాత్రమే ఉంది. డబ్బు తక్కువై కాదు చెల్లెమ్మా, నీళ్లు వచ్చి పోయే దారి వేయక.

దానికి చేసే పని కాలవలు తవ్వడం. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది, అందుకే ఫిష్‌బోన్ పద్ధతి అంటారు. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు తమిళనాడులో పిచ్చావరంలోనూ, మన గోదావరి, కృష్ణా మడల్లోనూ అటవీ శాఖతో, ఊరి కమిటీలతో కలిసి ఈ విధంగానే అడవిని మళ్లీ నిలబెట్టారు. కాలవ గోడ నిలువుగా కాక వాలుగా ఉండాలి. మొక్కను ఆ వాలు మీద నడిమి ఎత్తులో పెట్టాలి. పైన పెడితే వేసవిలో ఎండిపోతుంది, అడుగున పెడితే పోటుకు మునిగి కుళ్లుతుంది. నీరు రోజూ వచ్చి వెళుతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తర్వాత నాటని చోట కూడా పాయలో కొట్టుకొచ్చిన విత్తనాలు వాటంతట అవే మొలుస్తాయి. అది చూసినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకే పనిలోనూ కలగలేదు.

అందుకని రేంజ్ ఆఫీసులో మొక్కలు ఇప్పించమని అడగొద్దు. నీళ్లదారి సర్వే చేయించమని అడగండి. అంచనాల్లో మొక్కల సంఖ్యకూ గుంతల సంఖ్యకూ డబ్బు రాయడం అందరికీ అలవాటే. కాలవ పూడిక తీతకు రాయరు. పిల్ల కాలవలు పూడకుండా ఉండవు, పూడికే తీయకపోతే బీడు మళ్లీ మొదటికి వస్తుంది. కనీసం మూడేళ్ల పూడిక తీత, చచ్చిన మొక్కల చోట తిరిగి నాటడం, పశువులు రాకుండా కాపలా, ఈ మూడూ అంచనాలో ఉండాలని మీరు పట్టుబట్టాలి.

సంఘానికి నేరుగా ఏమీ రాదా అంటే, రావచ్చు. నర్సరీ పని మీకు ఇవ్వమని అడగండి. ఏ చెట్టు విత్తనం ఎప్పుడు రాలుతుందో, ఏ పాయలో దొరుకుతుందో పీతలకు తిరిగే మీ ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నల్ల మడ, తెల్ల మడ, ఉప్పు పొన్న సంచుల్లో పెంచి ఇవ్వడం మీరు బ్రహ్మాండంగా చేయగలరు. అది కూలీ కాదు, నైపుణ్యం, ఆ లెక్కనే ధర అడగండి.

విడిగా గ్రాంటు కావాలంటే గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వారి స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ నడిపిస్తుంది, ప్రభుత్వ సొమ్ము కాదు. ఊరి సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకే ఇస్తారు. ప్రకటన వచ్చినప్పుడే దరఖాస్తు తీసుకుంటారు. పీతల పెంపకం, ఎండు చేపలకు శుభ్రమైన బల్లలు లాంటి జీవనోపాధి భాగానికి అది బాగా సరిపోతుంది.

పద్దుపుస్తకం:

పైన అన్నగారు చెప్పిన దానికి లెక్కల వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను చిన్న సంస్థల ఖాతాలు రాస్తాను.

కేంద్ర గ్రాంటు ఏదైనా సరే ముందు స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉండాలి. అది ఉచితం. సంఘం పేరు పాన్ కార్డులో, రిజిస్ట్రేషన్ పత్రంలో, బ్యాంకు ఖాతాలో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ఒకదాంట్లో 'మహిళా', ఇంకోదాంట్లో 'మహిళల' అని ఉండి నెలలు నెలలు తిరిగిన సంఘాన్ని నేను చూశాను. ఏటా సర్వసభ్య సమావేశం మినిట్స్, ఆడిట్ అయిన లెక్కలు పైకి తీసి పెట్టుకోండి.

గ్రాంటు వచ్చాక వర్తించేది 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, అంటే కేంద్రం సొమ్ము ఖర్చుకు ఉన్న నియమాలు. అదే పనికి ఇంకెక్కడా డబ్బు తీసుకోలేదని ముందే రాసివ్వాలి. ఖర్చయ్యాక 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోపు ఇవ్వాలి. గ్రాంటు సొమ్ము మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా సంఘానిది కాదు, తిరిగి కట్టాలి. పొదుపు ఖాతాలో కలిపారంటే ఏ వడ్డీ దేనిదో విడదీయలేక అల్లాడిపోతారు, కాబట్టి వేరే ఖాతా తెరవండి. గ్రాంటుతో కొన్న పడవో మోటారో అనుమతి లేకుండా అమ్మడానికీ వీల్లేదు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. మొదటి రోజు నుంచి బిల్లు మీద బిల్లు పెట్టుకుంటే పదో తరగతి చదివిన అమ్మాయి కూడా ఈ లెక్క రాయగలదు.

అలల అంచు:

మాది ఉప్పాడ వైపు. మాకు అడవి పోవడం కాదు, ఇళ్లే సముద్రంలోకి పోతున్నాయి. గట్టు కట్టడం, తెగిపోవడం చూస్తూనే ఉన్నాం. మేము కూడా మడ మొక్కలకు అడగొచ్చా పాయఒడ్డు గారూ?

పాయఒడ్డు:

అలలు నేరుగా కొట్టే ఇసుక తీరంలో మడ నిలవదు తమ్ముడూ. దానికి బురద నేల, నెమ్మదిగా ఎక్కి దిగే నీరు కావాలి. ఎవరైనా అక్కడ మడ నాటిస్తామంటే ఒప్పుకోవద్దు. మీది వేరే ఖాతా. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోతను అరికట్టే పనులకు జాతీయ విపత్తు ఉపశమన నిధిలో 1,500 కోట్లు, కోత వల్ల ఇళ్లు పోయినవారి పునరావాసానికి జాతీయ విపత్తు స్పందన నిధిలో 1,000 కోట్లు సిఫారసు చేసింది. అది తీరానికీ నదుల గట్లకూ కలిపి దేశం మొత్తానికి, ఇలాంటి నిధి అడగాల్సింది రాష్ట్రం. ఊరు చేయగలిగింది, ఏ ఏడు ఏ ఇల్లు పోయిందో తలుపు నంబర్లతో జాబితా రాసి, గ్రామసభ తీర్మానంతో కలెక్టర్ గారికి ఇవ్వడం. కోర్టుకు వెళ్లినా, ఆఫీసుకు వెళ్లినా ఆ జాబితాయే మీకు బలం. పాత ఫొటోలు ఉన్నవాళ్ల దగ్గర ఇప్పుడే నకళ్లు తీసుకోండి.

ఉప్పుటేరు:

అన్నయ్యా, పద్దుపుస్తకం గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి మీటింగులో ఇదంతా చదివి వినిపించాను. డబ్బు ఇచ్చేది లేదని కన్సల్టెంటుకు చెప్పేశాం. పద్దుపుస్తకం గారు చెప్పినట్టు చూస్తే మా పాన్ కార్డులో ఊరి పేరు తప్పుగానే ఉంది, అది సరి చేయిస్తున్నాం.

ఒక సందేహం. కాలవలు తవ్వడానికి మా మగవాళ్లు ఇప్పుడే సిద్ధంగా ఉన్నారు. ఆఫీసు చుట్టూ తిరిగేలోపు మేమే ఒక కాలవ తవ్వి చూపిస్తే తొందరగా నమ్ముతారు కదా అంటున్నారు. తవ్వొచ్చా?

పాయఒడ్డు:

వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, కానీ వద్దమ్మా. అంచుల్లో ఇలవర ఉందన్నారు. మడ గానీ అలాంటి ఉప్పు చిత్తడి గానీ ఉన్న చోటు 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం అత్యంత రక్షణ ఉన్న 1-ఎ కింద వస్తుంది. మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే దాని చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా ఉంటుంది. అభయారణ్యం హద్దు లోపల అయితే వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. మంచి పనికే తవ్వినా కేసు మీ మగవాళ్ల మీద పడుతుంది. రాతపూర్వక అనుమతి చేతికి రాకుండా పార దించొద్దు.

ఈలోగా ఒక పని చేయించండి. అమావాస్య, పున్నమి పోట్లకు నీరు ఎంత దూరం ఎక్కుతోందో, పాటుకు ఎక్కడ నిలుస్తోందో బయటి నుంచే చూసి ఒక కాగితం మీద గీయండి. తేదీ, వేళ రాయండి. అటవీ శాఖ సర్వేకు వచ్చినప్పుడు ఆ కాగితం చూపిస్తే పని సగం తేలికవుతుంది. అలాగే గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి డబ్బుతో ఆంధ్ర, మహారాష్ట్ర, ఒడిశా తీరాలకు వచ్చిన ప్రాజెక్టులో మీ మండలం ఉందేమో రేంజ్ ఆఫీసర్ గారిని అడగండి. దాంట్లో ఇప్పటికే ఆ పాయ మ్యాపు గీసి ఉంటే కొత్తగా సర్వే అక్కర్లేకపోవచ్చు.

ఎఫ్‌ఎంబీ నకలు రాగానే ఆ సర్వే నంబరు అడవిదా, పోరంబోకుదా ఇక్కడ రాయండి, నంబరు మాత్రం రాయొద్దు. దాన్ని బట్టి అటవీ అధికారి డీఎఫ్‌ఓ గారికి పెట్టాల్సిన లెటర్ నేను తయారు చేసి పెడతాను. కింద సంఘం తీర్మానం, సభ్యులందరి సంతకాలు ఉండాలి, కాబట్టి వచ్చే మీటింగుకు అందరినీ రమ్మని చెప్పండి.