అప్‌డేట్: ఆస్‌గార్డ్‌లకి మన సాయం ఎందుకో అర్థమైంది

స్టార్‌గేట్ ఎస్‌జీ-1 అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లో అంత టెక్నాలజీ ఉన్న గ్రహాంతరవాసులు ఆస్‌గార్డ్‌లు మనోళ్ళని, అంటే భూమ్మీద మనుషుల్ని, సాయం అడగడమేంటి అని మొన్న అడిగా కదా, మీరు చెప్పిన నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ 'స్మాల్ విక్టరీస్' (2000) చూసేశా. ఆస్‌గార్డ్‌ల శత్రువులైన రెప్లికేటర్లు (తమని తామే తయారుచేసుకునే మెషీన్ పురుగులు) ఎనర్జీ ఆయుధాలకి లొంగవు, మామూలు తుపాకీ గుండుకేమో ముక్కలు ముక్కలైపోతాయి, అంత మోటు ఐడియా ఆస్‌గార్డ్‌ల బుర్రకి తట్టదు, అదీ సంగతి! ఇంకా పూర్తవ్వని కొత్త షిప్‌నే ఎరగా వేసి హైపర్‌స్పేస్‌లో (కాంతి కన్నా వేగంగా వెళ్ళే దారిలో) పేల్చేద్దామని మన ఎస్‌జీ-1 టీమ్‌లోని సైంటిస్ట్ కార్టర్ అంటుంటే ఆస్‌గార్డ్‌ల కమాండర్ థోర్ మొహం చూడాలి, పాపం, కట్టుకున్నది వాళ్ళాయె. తిండి సీన్ మాత్రం హైలైట్, ఆ రంగు ముక్క నోట్లో పెట్టుకుని కార్టర్ మొహం మాడ్చుకుంటే, థోర్ తాపీగా తనకి పసుపువి ఇష్టం అంటాడు. థోర్‌కి గొంతు ఇచ్చింది అదే టీమ్‌లో డేనియల్‌గా చేసిన మైకేల్ షాంక్స్ అంట, అస్సలు పోల్చుకోలేదు. ఇక ఇంకో ఎపిసోడ్ కూడా చూసేసి పడుకుంటా, స్పాయిలర్లు వద్దు ప్లీజ్.