పరంజా పనిలో హెల్పర్ స్థాయి దాటడం ఎలా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంటు నిర్మాణంలో ఏడు నెలలుగా పరంజా కట్టే ముఠాలో హెల్పర్‌గా పనిచేస్తున్నాను. 40 ఎన్‌బీ కొలత (లోపలి వ్యాసం సుమారు 40 మి.మీ.) గొట్టాలు అందించడం, కప్‌లాక్ (గొట్టాలను కప్పు ఆకారపు బిగింపులతో కలిపే పరంజా) జాయింటులో పైనుండే కప్‌ను సుత్తితో కొట్టి బిగించడం, లెడ్జర్ (అడ్డంగా బిగించే గొట్టం) మట్టం చూడడం వచ్చాయి. అయితే పై అంతస్తులో పరంజా లేపే పనికి, సర్టిఫికెట్ లేదన్న కారణంతో, మేస్త్రీ నన్ను ఎక్కనివ్వడం లేదు. ప్రాణాలకు సంబంధించిన పని గనుక అది న్యాయమే. ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగితే ఇద్దరు అనుభవ పత్రం తెమ్మన్నారు, మూడవవారు రసీదు ఇవ్వకుండా శిక్షణ రుసుము కట్టమన్నారు. 90 రోజుల పని చూపించి నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు తీసుకున్నాను గాని, అది నైపుణ్యానికి రుజువు కాదట. పదవ తరగతి పాసయ్యాను. కన్నడం మాట్లాడగలను, చదవలేను. పని మానకుండా బెంగళూరులోనే స్కాఫోల్డర్‌గా (పరంజా కట్టే నిపుణుడిగా) పరీక్షకు హాజరై గుర్తింపు పొందాలంటే మొదట ఎవరిని సంప్రదించాలి?