వేట ఓడలకు అడ్డం పడటం న్యాయమా, నేరమా?

మాధవి:
1986 నవంబరులో ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్ రేవులో, సముద్ర జీవుల్ని కాపాడేందుకు వేట ఓడలకు అడ్డుపడే సీ షెపర్డ్ అనే సంస్థ కార్యకర్తలు ఇద్దరు రెండు తిమింగలాల వేట ఓడల్లోకి దూరి, వాల్వులు తెరిచి ముంచేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిమింగలాల వాణిజ్య వేటపై అంతర్జాతీయ నిషేధం అదే ఏడాది అమల్లోకి వచ్చినా, ఐస్‌లాండ్ "పరిశోధన" పేరు చెప్పి వేటాడుతూనే ఉంది. చట్టం ఉన్నా అమలు చేసే నాథుడు లేనప్పుడు ఇంకేం చేయాలి? నేనైతే వాళ్లను తప్పుపట్టను.

శ్రీధర్:
నేను తప్పుపడతాను. సీ షెపర్డ్ మీద జపాన్ తిమింగలాల వేట సంస్థ వేసిన కేసులో 2013లో అమెరికా అప్పీళ్ల కోర్టు సూటిగానే చెప్పింది: ఓడల్ని గుద్దడం, యాసిడ్ సీసాలు విసరడం, ప్రొపెల్లర్‌కు చుట్టుకునేలా తాళ్లు వదలడం సముద్రపు దొంగల పనే (పైరసీ), ఆశయం ఎంత గొప్పదైనా సరే. మంచుగడ్డల మధ్య ప్రొపెల్లర్ ఆగిపోతే ఓడలో ఉన్నవాళ్ల గతేంటి? వాళ్లూ జీతానికొచ్చిన మనుషులే కదా.

మాధవి:
అది బ్యూటిరిక్ యాసిడ్ శ్రీధర్ గారూ, చెడిపోయిన వెన్న కంపు కొడుతుంది. ఇక ఫలితం సంగతి చూడండి: 2011 ఫిబ్రవరిలో జపాన్ అంటార్కిటిక్ వేటను మధ్యలోనే ఆపేసి ఓడల్ని వెనక్కి పిలిపించింది. సీ షెపర్డ్ అడ్డుపడటమే కారణమని తనే ప్రకటించింది. ఆ వేట పరిశోధన కోసం కాదు, ఆపమని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు వచ్చింది 2014లో!

లంగరు:
ఆ తీర్పు తర్వాత కూడా జపాన్ వాళ్లు ఒక్క సీజన్ ఆగి, ఏటా 333 మింకీ తిమింగలాల లెక్కన కొత్త "పరిశోధన" మొదలెట్టారు. కాబట్టి కోర్టుల్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అలాగని గుద్దడమొక్కటే దారి కాదు.

థండర్ కేసు చూడండి. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో దొంగచాటుగా టూత్‌ఫిష్ అనే చేపను పట్టే ఓడ అది. 2014 డిసెంబరు నుంచి 110 రోజులు బాబ్ బార్కర్ అనే సీ షెపర్డ్ ఓడ దాన్ని వదలకుండా వెంటాడింది. సామ్ సైమన్ అనే వాళ్ల రెండో ఓడ వెనకే ఉండి, థండర్ వదిలేసి పారిపోయిన గిల్ నెట్లు పైకి లాగింది, మొత్తం 72 కిలోమీటర్ల వల! చివరికి ఆఫ్రికా పశ్చిమాన ఉన్న సావో టోమే ద్వీపం దగ్గర థండర్ మునిగిపోయింది. మునిగే ఓడలో ఎవరైనా తలుపులు బిగిస్తారు. ఇందులో అవి తెరిచి కట్టేసి ఉన్నాయి, అంటే సాక్ష్యం దొరక్కుండా కావాలనే ముంచినట్టుంది. వెంటాడినవాళ్లే సిబ్బందిని కాపాడి, సాక్ష్యాలు బయటికి తెచ్చి, అధికారులకు ఇచ్చారు. కెప్టెన్‌కూ ఇద్దరు ఇంజనీర్లకూ శిక్షలు పడ్డాయి. గుద్దితే ఇది జరిగేదా?

శ్రీధర్:
ఇది ఒప్పుకుంటా. కానీ ఎదురుగా ఉన్నది కంపెనీ ఓడ కాకుండా చిన్న పడవైతే? మెక్సికోలో వకీటాలను (అంతరించే దశలో ఉన్న, డాల్ఫిన్ లాంటి చిన్న సముద్ర జీవులను) కాపాడటానికి వలలు తీస్తున్నప్పుడు, 2020 డిసెంబరు 31న సీ షెపర్డ్ ఓడకూ జాలర్ల పడవకూ ఢీ జరిగి ఒక జాలరి చనిపోయాడు. జాలర్లు ముందు దాడి చేశారంటారు, సరే. ప్రాణం మాత్రం పోయింది.

మాధవి:
ఆ వలలు అక్కడే ఉంటే వకీటా అనే జాతే మిగలదు. 2022లో మెక్సికో నౌకాదళమే వలలు చిక్కుకునేలా సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మెలు దించింది. ఆ పని ముందే చేసి ఉంటే జాలర్లతో గొడవ ఇంతదాకా వచ్చేదా?

లంగరు:
అందుకే ప్రభుత్వాన్ని ఓడెక్కించాలి. 2016 నుంచి ఆఫ్రికాలోని గాబన్ తీరంలో అదే పద్ధతి: ఓడ సీ షెపర్డ్‌ది, అరెస్టు చేసేది అక్కడి అధికారులు.

శ్రీధర్:
తీరం దగ్గర బాగానే ఉంది. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలో ఏ అధికారిని ఎక్కిస్తారు?

లంగరు:
అక్కడ ఓడను రిజిస్టర్ చేసి జెండా ఇచ్చిన దేశాన్ని పట్టుకోవాలి. థండర్ మీద నైజీరియా జెండా ఉండేది. వెంటాడుతుండగానే నైజీరియా దాని రిజిస్ట్రేషన్ రద్దు చేసింది.