‘రాబర్ ట్రెంచ్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో డరమ్ దగ్గరి ఆక్లండ్ కోటలో, బిషప్ ఆంటొనీ బెక్ 1300 ప్రాంతంలో కట్టించిన చాపెల్ (ప్రార్థన మందిరం) తవ్వకాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. తవ్వకాలవాళ్ల పద్ధతుల గురించి చెప్పేచోట ‘రాబర్ ట్రెంచ్’ అని తగిలింది. ‘దొంగల కందకం’ అని రాస్తే ఇంట్లోవాళ్లే నవ్వారు. పెద్దలు ఓ మాట చెప్పండి.

జవాబు:
నవ్వక ఏం చేస్తారండీ! దొంగలు దాక్కున్న గొయ్యి అనుకుంటారు. ఇందులో దొంగ లేడు, కోట చుట్టూ ఉండే కందకమూ కాదు. కూలిన గోడ పునాది రాళ్ల కోసం దాని వెంబడే తవ్వి, రాయంతా పట్టుకుపోయాక మిగిలిన గుంట అది. చెక్కుడు రాయి బండెక్కుతుంది. సున్నం పెళ్లలు, గులకరాళ్లు, రంగు అంటిన గచ్చు పెచ్చులు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి మళ్లీ అందులోకే పోతాయి. వందల ఏళ్ల తర్వాత పైమట్టి తీస్తే అక్కడ గోడ ఉండదు. కానీ దాని వెడల్పెంత, ఎక్కడ మలుపు తిరిగింది అనేవి ఆ వదులు మట్టి చూపిస్తుంది. గది నేల ఆ గుంట అంచు దాకా వచ్చి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. గోడను ఆనుకుని వేసిన నేల మరి.

అసలు మీ చాపెల్ గోడలకు ఈ మాట వాడకండి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధం తర్వాత కోట, పార్లమెంటు పక్షం నాయకుడు సర్ ఆర్థర్ హేసెల్‌రిగ్ చేతికి వచ్చింది. 1650ల్లో ఆయన చాపెల్‌ను మందుగుండు పెట్టి పేల్పించాడు. అది ఎక్కడుండేదో కూడా జనం మరిచిపోయారు. డరమ్ విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వి, దొరికిందని 2020లో ప్రకటించారు. 1.5 మీటర్ల మందం గోడల పునాదులు, నేల కొంత భాగం బయటపడ్డాయి. లోపలి కొలత 40 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. బిషప్ గారి సొంత చాపెల్ అంటే చిన్న పూజగది అనుకునేరు! ఇక్కడ పునాదులు మిగిలాయి కాబట్టి హాయిగా ‘పునాదులు’ అనే రాసేయండి.

మీరడిగిన మాటకు అసలైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోనే ఉన్న వించెస్టర్. అక్కడి ఓల్డ్ మిన్‌స్టర్ 7వ శతాబ్దంలో మొదలైన చర్చి. పక్కనే కొత్త కెథడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) లేచాక 1093–94లో దాన్ని పడగొట్టి, రాయిని వాడుకున్నారు. 1960ల్లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిన్ బిడిల్ బృందం తవ్వినప్పుడు గోడలు దాదాపు లేవు. రాళ్లు తీసిన గుంటల్ని పట్టుకునే మొత్తం చర్చి ప్లాన్ గీశారు. ఇప్పుడు ఆ గీతల్నే ఇటుకలతో పచ్చికలో పరిచి చూపిస్తున్నారు.

ఇంకొక సభ్యుడు:
‘దోపిడీ గుంట’ అంటే పోలా సార్? మన అమరావతి స్తూపం పలకలు పట్టుకుపోయింది దోపిడీ కాక మరేమిటి?

జవాబు:
బాధ అర్థమైంది తమ్ముడూ. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు స్తూపం ఉన్న దీపాలదిన్నె తవ్వారు, పలకలు కట్టడాల్లోకి పోయాయి. మనకు గుండె తరుక్కుపోతుంది. ఊరు కట్టుకునేవాళ్లకు మాత్రం అది చేతికందిన రాయి. వించెస్టర్‌లో అయితే పాత చర్చి, కొత్త కెథడ్రల్ రెండూ ఒకే బిషప్పువి. సొంత ఇల్లు విప్పి కర్రా పెంకూ కొత్తింటికి వాడుకుంటే దోపిడీ అంటామా? తప్పొప్పులు తేల్చని మాట కావాలి.

ప్రశ్న అడిగినవారు:
‘పునాది తీసిన గుంట’ అంటే సరిపోతుందా అండీ?

జవాబు:
అదీ చిక్కే. మన మేస్త్రీలు ‘పునాదులు తీశాం’ అంటే ఇల్లు కట్టడానికి గుంటలు తవ్వామని అర్థం. మీ మాట సరిగ్గా తలకిందులైపోతుంది. ‘రాయి పెరికిన గుంట’ అనండి, పల్లెలోనైనా అర్థమవుతుంది. తవ్వకాలవాళ్లు తవ్వే ట్రెంచ్‌ని ట్రెంచ్ అనే ఉంచేయండి. రెంటికీ కందకమే వాడితే ‘కందకంలో కందకం బయటపడింది’ అని రాయాల్సొస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఆ గుంటను పూడ్చిన మట్టిలో కుండపెంకో నాణెమో దొరికితే అది రాయి పెరికిన కాలానికి ఆధారం, గోడ కట్టిన కాలానికి కాదు. వ్యాసంలో ‘గుంటలో దొరికిన పెంకుల వల్ల’ అని ఉంటే వెంటనే ‘చాపెల్ వయసు తెలిసింది’ అని అతికించకండి. ‘గోడ రాయి ఎప్పుడు పెరికారో అంచనా దొరికింది’ అని రాయండి.