టీఎల్‌ఎస్ ఉండగా ఛాలెంజ్-రెస్పాన్స్ లాగిన్ సొంతంగా రాయడం దండగా?

కొత్త_సర్వర్
ఒక టీసీపీ సర్వర్ రాస్తున్నాను. లాగిన్‌కి ఛాలెంజ్-రెస్పాన్స్ పెట్టాను, అంటే సర్వర్ ప్రశ్న వేస్తే క్లయింట్ జవాబు కట్టి ఇవ్వడం. క్లయింట్ కనెక్ట్ అవ్వగానే సర్వర్ 16 బైట్ల ర్యాండమ్ నాన్స్ (ఒక్కసారి మాత్రమే వాడే విలువ) పంపుతుంది. క్లయింట్ తన పాస్‌వర్డ్‌తో ఆ నాన్స్ మీద హెచ్‌మ్యాక్-షా-256 (రహస్య కీతో సందేశం మీద వేసే ముద్ర లాంటిది) లెక్క కట్టి పంపుతుంది, సర్వర్ కూడా అదే లెక్క కట్టి పోల్చుకుంటుంది. పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద ఎక్కడా కనిపించదు. మా లీడ్ చూసి “ఇదంతా తీసెయ్, టీఎల్‌ఎస్ పెట్టి మామూలుగా పాస్‌వర్డ్ పంపించు, సర్వర్‌లో బీక్రిప్ట్ హ్యాష్‌తో పోల్చు” అన్నారు. (టీఎల్‌ఎస్ అంటే కనెక్షన్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసేది, బీక్రిప్ట్ అంటే పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని హ్యాష్‌గా మార్చేది.) ఎందుకో అడిగితే మీటింగ్ ఉందని వెళ్లిపోయారు. మీరేమంటారు?

పాత_అడ్మిన్
మీ లీడ్ చెప్పిందే కరెక్ట్. సర్వర్ “అదే లెక్క” కట్టాలంటే సర్వర్ దగ్గర ఏముండాలి? పాస్‌వర్డే ఉండాలి, లేదా పాస్‌వర్డ్‌తో సమానంగా పనిచేసేది ఇంకేదో ఉండాలి. అంటే దారిలో దాచడం కోసం డేటాబేస్‌లో ఆరబెట్టారు. ఇది ఇవాళ్టి గొడవ కాదు. 1996లో మెయిల్ తెచ్చుకునే పాప్3 ఆర్‌ఎఫ్‌సీలో (ఇంటర్నెట్ ప్రామాణిక పత్రం) ఉన్న ఎపాప్ లాగిన్, ఆ మరుసటి ఏడు ఆర్‌ఎఫ్‌సీ 2195గా వచ్చిన క్రామ్-ఎండీ5, రెండిటికీ ఇదే జబ్బు. క్రామ్‌లో పాస్‌వర్డ్ బదులు హెచ్‌మ్యాక్ మధ్యలెక్క దాచుకోవచ్చు కదా అంటారు, ఆ మధ్యలెక్క దొరికినవాడు కూడా శుభ్రంగా లాగిన్ అయిపోతాడు.

ఒక పాత మెయిల్ సర్వర్ నా చేతికొచ్చింది, అందులో ఇదే పద్ధతి. బ్యాకప్ ఫైల్ ఒకటి బయటికి పోయింది. “మీ పాస్‌వర్డ్ పోయింది, ఇంకెక్కడైనా అదే వాడుతుంటే అక్కడా మార్చుకోండి” అని అందరికీ మెయిల్ రాసింది నేను, తిట్లు తిన్నది నేను, ఆ సిస్టమ్ పెట్టినాయన అప్పటికే ఇంకో ఉద్యోగంలో హాయిగా ఉన్నాడు.

సాకెట్_పిచ్చి
టీఎల్‌ఎస్ పెట్టేస్తే అయిపోయిందనుకునేవాళ్లతోనే వచ్చింది చిక్కు. టీఎల్‌ఎస్ ఎక్కడ ముగుస్తుంది సార్? చాలాచోట్ల లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే కనెక్షన్లని లోపలి సర్వర్లకి పంచేది) దగ్గర. అక్కణ్ణుంచి లోపలికి పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే వెళ్తుంది. ఎవరో ఒకరు డీబగ్ కోసమని రిక్వెస్ట్ మొత్తాన్ని లాగ్‌లో రాయిస్తారు. 2018 మేలో ట్విట్టర్ చెప్పింది ఇదే కదా, హ్యాష్ అవ్వకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లో పడ్డాయి, అందరూ మార్చుకోండి అని. వాళ్లు వాడిందీ బీక్రిప్టే. ఏం ఆపింది?

నేను పనిచేసిన చోట కూడా అచ్చం ఇలాగే జరిగింది. లాగ్ ఆన్ చేయించింది మేనేజర్, సంజాయిషీ రాసిచ్చింది నేను. అప్పట్నుంచీ పాస్‌వర్డ్ నా సర్వర్‌కి రాకూడదు అంతే. రానిది లాగ్‌లో పడదు.

బైట్_లెక్క
16 బైట్లు చాలా? 32 పెట్టండి.

చదువరి
ఫాలో అవుతున్నా.

పాత_అడ్మిన్
లాగ్‌లో పడకుండా ఫిల్టర్ పెట్టుకోవాలి, దానికోసం ప్రోటోకాల్ మార్చేస్తారా? మీ పద్ధతిలో పాస్‌వర్డ్ లాగ్‌లో పడదు సరే, డేటాబేస్‌లో మాత్రం నిక్షేపంలా ఉంటుంది. లాగ్ కాకపోతే బ్యాకప్. దొంగకి ఏదైతేనేం?

సాకెట్_పిచ్చి
డేటాబేస్‌లో పాస్‌వర్డ్ పెట్టమని నేనెక్కడన్నాను? హ్యాష్ పెట్టుకుని ఆ హ్యాష్‌నే హెచ్‌మ్యాక్‌కి కీగా వాడొచ్చు.

పాత_అడ్మిన్
అయ్యా, అప్పుడు ఆ హ్యాషే పాస్‌వర్డ్ అవుతుంది! పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పాత ఎండీ5 (ఒక పాత హ్యాష్) లాగిన్ చూడండి. పాస్‌వర్డ్‌కి యూజర్ పేరు కలిపి ఎండీ5 చేసి దాచేది, లాగిన్ అప్పుడు సర్వర్ 4 బైట్ల సాల్ట్ (హ్యాష్‌లో కలిపే ర్యాండమ్ బైట్లు) పంపితే దాన్ని కలిపి మళ్లీ ఎండీ5. ఆ టేబుల్ ఎత్తుకుపోయినవాడు పాస్‌వర్డ్ కనుక్కోనక్కర్లేదు, హ్యాష్‌తోనే జవాబు కట్టేస్తాడు. విండోస్ లాగిన్ పద్ధతి ఎన్‌టీఎల్‌ఎమ్‌లో పాస్-ద-హ్యాష్ అంటూ ఇన్నేళ్లుగా ఏడుస్తున్నది కూడా దీని గురించే.

బైట్_లెక్క
నాన్స్ సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. కొంతమంది కౌంటర్‌నో టైమ్‌నో నాన్స్‌గా పంపేస్తారు, మళ్లీ రాదు కదా చాలు అని. చాలదు. రేపు సర్వర్ ఏ నాన్స్ ఇస్తుందో నాకు ముందే తెలిస్తే, ఇవాళ నేనే సర్వర్‌లా నటించి క్లయింట్ చేత దానికి జవాబు కట్టించుకుని, రేపు దాన్ని అసలు సర్వర్‌కి ఇస్తాను. ఊహించలేనిదిగా కూడా ఉండాలి.

నిద్రలేని_కోడర్
ఇంకోటి, నాన్స్ ఒక సర్వర్ మెమరీలో ఉండి జవాబు వేరే సర్వర్‌కి వెళ్తే లాగిన్ ఫెయిల్ అవుతుంది. మాకు ఇదే అయింది, అప్పుడప్పుడూ మాత్రమే ఫెయిల్ అయ్యేది, పట్టుకునేసరికి పిచ్చెక్కింది.

బైట్_లెక్క
ఆయనది టీసీపీ. ఒకే కనెక్షన్‌లో ప్రశ్న, అదే కనెక్షన్‌లో జవాబు. మీ ఇబ్బంది హెచ్‌టీటీపీలో వచ్చేది.

నిద్రలేని_కోడర్
అయినా జాగ్రత్త మంచిదే కదా.

సాకెట్_పిచ్చి
@పాత_అడ్మిన్ మీరు పోస్ట్‌గ్రెస్‌లో పాతది చెప్పి ఆగిపోయారు, కథ అక్కడితో అయిపోలేదు. 2017లో వెర్షన్ 10తో స్క్రామ్-షా-256 వచ్చింది, వెర్షన్ 14 నుంచి డిఫాల్ట్ అదే. అదీ ఛాలెంజ్-రెస్పాన్సే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: పాస్‌వర్డ్‌ని సాల్ట్‌తో వేలసార్లు తిప్పి, ప్రామాణికం ప్రకారం కనీసం 4096 సార్లు, దాన్నుంచి క్లయింట్-కీ పుట్టిస్తారు. సర్వర్ దాచేది ఆ క్లయింట్-కీని కాదు, దాని హ్యాష్‌ని. లాగిన్ అప్పుడు క్లయింట్ తన కీని ఆ సంభాషణ మీద కట్టిన హెచ్‌మ్యాక్‌తో ఎక్సార్ (మళ్లీ విప్పగలిగేలా బిట్లని కలపడం) చేసి పంపుతుంది. సర్వర్ ఆ ఎక్సార్ విప్పి, బయటికొచ్చిన కీని హ్యాష్ చేసి, తన దగ్గరున్నదానితో పోలుస్తుంది. డేటాబేస్ ఒక్కటే పోతే దాంతో నేరుగా లాగిన్ అవ్వలేరు. పైగా సర్వర్ కూడా తను అసలుదేనని క్లయింట్‌కి నిరూపించుకోవాలి. మీ బీక్రిప్ట్ పద్ధతిలో అది ఉందా?

పాత_అడ్మిన్
టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ ఉన్నది ఎందుకు మరి? “డేటాబేస్ ఒక్కటే పోతే” అని మీరే అన్నారు. డేటాబేస్ పోయి, ఒక లాగిన్ సంభాషణ కూడా వింటే క్లయింట్-కీ బయటపడుతుంది, స్క్రామ్ ఆర్‌ఎఫ్‌సీలోనే రాసుంది. కాబట్టి దానికీ కింద టీఎల్‌ఎస్ కావాల్సిందే. అయినా స్క్రామ్‌తో నాకు పేచీ లేదు. ఈ థ్రెడ్ పెట్టినాయన రాసింది స్క్రామ్ కాదు. ఒక సాయంత్రం కూర్చుని రాసుకున్న హెచ్‌మ్యాక్.

సాకెట్_పిచ్చి
అంటే ఎవరూ ఏమీ నేర్చుకోకూడదు, అన్నీ మీలాంటి పెద్దవాళ్లే రాయాలి.

పాత_అడ్మిన్
నేను ఆ మాట అనలేదు. ఉన్న మాటంటే ఉలుకెందుకు? యూజర్ లేని పేరుతో లాగిన్‌కి వస్తే మీ కోడ్ ఏం చేస్తుంది? వెంటనే ఎర్రర్ ఇస్తే ఏ పేర్లున్నాయో ఏరుకోవచ్చు. స్క్రామ్‌లో అయితే లేని యూజర్‌కి కూడా ఒక దొంగ సాల్ట్ ఇవ్వాలి, అదీ అడిగినప్పుడల్లా ఒకటే రావాలి, మారితే దొరికిపోతుంది. పోస్ట్‌గ్రెస్ దీనికోసం విడిగా ఒక రహస్య విలువ దాచుకుంటుంది. రెండు వైపులా ఒకే కీతో ఒకరినొకరు ప్రశ్నించుకుంటే, నేను మీ ప్రశ్నని ఇంకో కనెక్షన్‌లో మీకే వేసి, మీ జవాబే మీకు అప్పజెప్తాను. ఇవన్నీ ఆయన ఆలోచించాడా? మీరు ఆలోచించారా?

సాకెట్_పిచ్చి
మీతో ఇదే తలనొప్పి మాస్టారూ. అడిగింది ఒకటి, మీరు పరీక్ష పెట్టేది ఇంకోటి. అసలు మన గొడవ ఎక్కడుందో చెప్తాను వినండి. పాస్‌వర్డ్ చూసే హక్కు సర్వర్‌కి ఉందని మీరు ముందే ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను. సర్వర్ అంటే నలుగురు డెవలపర్లు, ఒక లాగ్ టూల్, రెండు ప్రాక్సీలు, రాత్రి డ్యూటీలో ఉన్న ఎవరో ఒకరు. మీరు దాచింది పోతుందని భయపడుతున్నారు, నేను వచ్చేది కారిపోతుందని భయపడుతున్నాను.

పాత_అడ్మిన్
ఇది ముందే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. నాకూ సర్వర్ మీద ప్రేమేం లేదు. కానీ లాగిన్ కోడ్ రాసినవాడు ఉద్యోగం మారాక దాన్ని మోసేది నాలాంటివాడు. టీఎల్‌ఎస్, బీక్రిప్ట్ అంటే ఎవరొచ్చినా చదవగలరు. సొంత హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో ఒకరినొకరు గుర్తుపట్టే సంభాషణ) అయితే రాసినవాడే దిక్కు.

మధ్యలో_మాలతి
ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. @కొత్త_సర్వర్ గారూ, లాగిన్ అయ్యాక ఆ కనెక్షన్‌లో ఏం వెళ్తుంది? టీఎల్‌ఎస్ లేకుండానా? అలాగైతే మీ హెచ్‌మ్యాక్ తలుపు దగ్గర ఒక్కసారి మాత్రమే చూస్తుంది. ఆ తర్వాత వచ్చే బైట్లు అదే క్లయింట్ పంపినవని చెప్పేదేమీ లేదు. దారిలో కూర్చున్నవాడు లాగిన్‌ని యథాతథంగా దాటనిచ్చి, తర్వాత తన మాటలు దూరుస్తాడు. ఇంకో మాట, వాడుతున్నది మనుషులా?

కొత్త_సర్వర్
మనుషులు కాదండి, సెన్సర్ డివైజ్‌లు. పాస్‌వర్డ్ అన్నాను గానీ అది తయారీలోనే ఒక్కో డివైజ్‌లో వేసే 32 బైట్ల ర్యాండమ్ కీ. డివైజ్‌లో మెమరీ తక్కువని టీఎల్‌ఎస్ పెట్టలేదు, సర్టిఫికెట్ల గొలుసు మొత్తం పరీక్షించడం భారమైంది.

నిద్రలేని_కోడర్
ఇప్పుడా చెప్పేది?!

పాత_అడ్మిన్
అయితే బీక్రిప్ట్ మాట మర్చిపోండి. నెమ్మదిగా నడిచే హ్యాష్ మనుషులు పెట్టే బలహీనమైన పాస్‌వర్డ్‌లకి. 32 బైట్ల ర్యాండమ్ కీని ఊహించేవాడు లేడు. మీ లీడ్‌కి ఈ సంగతి తెలుసా అని అనుమానం. కానీ టేబుల్ పోతే డివైజ్‌లన్నీ పోతాయన్నది అలాగే ఉంది.

సాకెట్_పిచ్చి
దానికి పబ్లిక్ కీ ఉంది. డివైజ్‌లో ఈడీ25519 అనే డిజిటల్ సంతకం పద్ధతి ప్రైవేట్ కీ, సర్వర్‌లో పబ్లిక్ కీ మాత్రమే. సర్వర్ నాన్స్ ఇస్తే డివైజ్ సంతకం చేస్తుంది. టేబుల్ ఊరంతా పంచినా నష్టం లేదు. ఇదీ ఛాలెంజ్-రెస్పాన్సే, గమనించగలరు.

పాత_అడ్మిన్
టీఎల్‌ఎస్ క్లయింట్ సర్టిఫికెట్ చేసేదీ అదే, గమనించగలరు. టీఎల్‌ఎస్ 1.3లో అప్పటిదాకా జరిగిన హ్యాండ్‌షేక్ మీద క్లయింట్ సంతకం పెడుతుంది.

మధ్యలో_మాలతి
సర్టిఫికెట్లు మోయలేనంటున్నాడు కదా. టీఎల్‌ఎస్-పీఎస్‌కే ఉంది, 2005 నుంచి ఆర్‌ఎఫ్‌సీ 4279లో. ముందే పంచుకున్న కీతో ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపడతారు, సర్టిఫికెట్ అవసరం లేదు, లాగిన్ తర్వాత వచ్చే ప్రతి బైట్‌కీ రక్షణ ఉంటుంది. చిన్న డివైజ్‌లకి వాడే ఎంబెడ్ టీఎల్‌ఎస్‌లో సపోర్ట్ ఉంది. పాత కనెక్షన్ల డేటా కూడా భద్రంగా ఉండాలంటే డిఫీ-హెల్మన్ (కనెక్షన్‌కో కొత్త కీ పుట్టించే పద్ధతి) కలిపే రకం ఎంచుకోండి, లేదంటే కీ పోయిన రోజు రికార్డు చేసిందంతా విప్పేస్తారు. కీల టేబుల్ పోతే మాత్రం ఇందులోనూ గోవిందా, అందుకని దాన్ని మామూలు డేటాబేస్‌లో పెట్టొద్దు.

బైట్_లెక్క
ఏది చేసినా కోడ్‌లో మీరే హెచ్‌మ్యాక్ పోల్చాల్సొస్తే రెండు సమానం గుర్తులతో పోల్చొద్దు. ఎన్ని బైట్లు కలిశాయో టైమింగ్‌ని బట్టి తెలిసిపోయే ప్రమాదం ఉంది. పైథాన్‌లో హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లోనే కంపేర్_డైజెస్ట్ ఉంది.

కొత్త_సర్వర్
పీఎస్‌కే మెమరీలో పడుతుందేమో చూస్తాను. ఒక డివైజ్ దొంగతనం అయితే ఆ కీ ఒక్కటి తీసేస్తే చాలు కదా?

సాకెట్_పిచ్చి
చాలు, ఒక్కో డివైజ్‌కి వేరే కీ ఉంటే. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్‌ని కూడా తెంపండి, చాలామంది టేబుల్‌లో తీసేసి వదిలేస్తారు, అది మాత్రం లోపల కూర్చునే ఉంటుంది.

పాత_అడ్మిన్
ఈ ఒక్క మాటకి ఆయనతో ఏకీభవిస్తున్నాను. స్క్రామ్ మీద మాత్రం విడిగా థ్రెడ్ తెరవండి, అక్కడ తేల్చుకుందాం.