శుక్లం ఆపరేషన్ తర్వాత సెకండ్ క్లాస్ మెడికల్: ఏ లెన్స్ మేలు?

డాలస్_గాలిపటం: వయసు 53, అమెరికా కమర్షియల్ పైలట్ లైసెన్సు, దానికి సెకండ్ క్లాస్ మెడికల్ (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రం) కావాలి. కుడికంట్లో శుక్లం. కంటి లోపల మల్టీఫోకల్ లెన్స్ (దూరానికీ దగ్గరికీ పనికొచ్చేది) వేయించుకుంటే కళ్ళజోడు అక్కర్లేదని సర్జన్ అంటున్నారు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఒప్పుకుంటుందా? ఎన్నాళ్ళు ఎగరకూడదు?

చూపుమేర: ఒప్పుకుంటుందండీ. లెన్స్ తీసేసినంత మాత్రాన మెడికల్ పోదు, చూపు అంకెలు అందుకుంటే చాలు. దూరానికి ఒక్కో కంటికీ విడిగా 20/20 (మామూలు మంచి చూపు), కళ్ళజోడుతోనైనా సరే. దగ్గరికి 16 అంగుళాల్లో 20/40 (అంతకంటే కొంచెం తక్కువ చూపు) చాలు. 50 నిండినవాళ్ళకి 32 అంగుళాల్లో కూడా 20/40 ఉండాలి. కాక్‌పిట్‌లో మీటర్ల ప్యానెల్ ఉండే దూరం ఇంచుమించు అది. చాలామంది తడబడేది ఇక్కడే. సహజ లెన్స్ పోయిన కన్ను ఫోకస్ మార్చుకోలేదు. దూరానికి సరిపెట్టిన మోనోఫోకల్‌తో (ఒకే దూరానికి ఫోకస్ ఉన్న లెన్స్‌తో) రన్‌వే చక్కగా కనిపిస్తుంది, ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) అంకెలు అలుక్కుపోతాయి. మామూలు బైఫోకల్ కళ్ళజోడు పెట్టుకుంటే ఒళ్ళో ఉన్న మ్యాపు చదవొచ్చు గానీ మధ్య దూరం జారిపోతుంది. మధ్య దూరం కూడా కనిపించే ట్రైఫోకల్ గానీ ప్రోగ్రెసివ్ గానీ అద్దాలు రాయించుకోండి, 32 అంగుళాల దగ్గర ప్రత్యేకంగా కొలవమనండి.

మోనోఫోకల్‌కి చూపు కుదురుకుని, కంటి డాక్టర్ 8500-7 ఫారం (ఎఫ్‌ఏఏ కంటి పరీక్ష నివేదిక) నింపితే సరిపోతుంది. మల్టీఫోకల్‌కి 3 నెలలు ఆగాలి. ఈలోపు 61.53 నిబంధన (ఆరోగ్యం సరిపోనప్పుడు ఎగరకూడదనేది) ప్రకారం ఎగరకుండా ఉండాల్సిన బాధ్యత మీదే.

రాత్రి_ల్యాండింగ్: రాత్రి ఎగిరేవాళ్ళకి మల్టీఫోకల్ వద్దనే నా మాట. వచ్చే వెలుగునే రెండు మూడు ఫోకస్‌లకు పంచుతుంది కాబట్టి కాంట్రాస్ట్ తగ్గుతుంది, రన్‌వే లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. కంటి పరీక్ష చార్టు మీద 20/20 వచ్చినా ఈ తేడా బయటపడదు. సిలిండర్ పవరు (ఆస్టిగ్మాటిజం) ఉంటే దాన్ని కూడా దిద్దే టోరిక్ మోనోఫోకల్ అడగండి. అది లోపల ఒక్క డిగ్రీ తిరిగితే దిద్దుబాటులో దాదాపు 3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే.

డాలస్_గాలిపటం: అసలు లెన్సే పెట్టకపోతే?

చూపుమేర: +10 నుంచి +12 పవరు కళ్ళజోడు కావాలి. వాటిలో బొమ్మ పాతిక శాతం పెద్దదవుతుంది. మీకు ఒక కన్నే కాబట్టి రెండు సైజుల బొమ్మలు కలవక, ఒకటి రెండుగా కనిపిస్తుంది. అద్దం అంచు చుట్టూ కనిపించని పట్టీ కూడా ఉంటుంది, పక్కనుంచి వచ్చే విమానం అందులో దాక్కుంటుంది. కాంటాక్ట్ లెన్స్‌తో పెరుగుదల 7 శాతం దాకానే. లోపల లెన్స్ నిలిచే వీలు లేనప్పుడే ఈ దారి. అన్నట్టు, హెరాల్డ్ రిడ్లీ అనే బ్రిటిష్ కంటి సర్జన్ 1949లో లండన్‌లో కంటి లోపల మొదటి లెన్స్‌ని పెర్‌స్పెక్స్‌తో (ఒక రకం గట్టి పారదర్శక ప్లాస్టిక్‌తో) అమర్చింది, యుద్ధ విమానాల కానపీ (పైలట్ తల మీది పారదర్శక కప్పు) ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం గమనించాకే!

నెలలో ఏళ్ళో గడిచాక లెన్స్ వెనక పొర మసకబారవచ్చు. యాగ్ అనే లేజర్‌తో ఆ పొర మధ్యలో చిన్న రంధ్రం చేస్తారు. ఆ లేజర్‌ని కూడా తర్వాతి 8500-8 దరఖాస్తులో (మెడికల్ కోసం పైలట్ పెట్టుకునేది) రాయడం మరవకండి.